పేజీలో తెలుగు పాడైతే

క్లాంగ్ నుంచి మాట్లాడుతున్నా. మనోళ్ళ కోసం పర్మిట్ తేదీలతో నోట్‌ప్యాడ్‌లో పేజీ తయారుచేస్తే తెలుగు సరిగ్గా రావట్లేదని అడుగుతున్నారు. తేదీ చదవలేకపోతే నష్టం కూలివాడికే. అందుకని, ముందు తెరమీద ఏం కనపడుతోందో చూడండి.

డబ్బాలు కనపడితే ఆ ఫోన్‌లో తెలుగు ఫాంట్ లేదు. అక్షరాలు భద్రమే.

టైపు చేసిన కంప్యూటర్‌లో బాగుండి, ఫోన్‌లో పిచ్చిగుర్తులొస్తే అది అను లాంటి పాత ఫాంట్ కావచ్చు. యూనికోడ్‌లోకి మార్చాలి.

ప్రశ్నార్థకాలొస్తే ఫైలు మూసి మళ్ళీ తెరవండి. అక్కడా అవే ఉంటే అక్షరాలు పోయినట్టే, మళ్ళీ టైపు చేయాల్సిందే. పాత నోట్‌ప్యాడ్ మామూలుగా ఆన్సీలో సేవ్ చేస్తుంది. ‘సేవ్ యాజ్’లో ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 పెట్టండి. పేజీ హెడ్‌లో చార్‌సెట్ కూడా అదే రాయండి.

పంపేముందు పక్కవాడి ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. ఉంటాను.