మీటింగుకు వెళ్ళే టీచరమ్మ



"ఉద్యోగం, ఇల్లూ చాలవన్నట్టు ఈ యూనియన్ గొడవ కూడా ఎందుకమ్మా నీకు?" ఉపాధ్యాయ సంఘంలో చిన్న బాధ్యత తీసుకున్నా సరే, స్త్రీకి ఈ మాట తప్పదు. అడిగేవాళ్ళు పరాయివాళ్ళు కారు. అత్తగారో, తోడికోడలో, ఒక్కోసారి కన్నతల్లో! మన ఒంటి మీద శ్రద్ధతోనే అడుగుతారు. అందుకే విసుక్కోకుండా జవాబు చెప్పుకుందాం.

పెళ్ళైన టీచరమ్మ బడిలో పాఠం చెప్పడం ఇవాళ మనకు వింత కాదు. కానీ ఇంగ్లండులో ఒకప్పుడు చాలాచోట్ల పెళ్ళి చేసుకుంటే టీచరు ఉద్యోగం ఊడేది. అక్కడి మహిళా ఉపాధ్యాయుల సంఘం ఏళ్ళ తరబడి పోరాడింది. 1944 విద్యాచట్టంతో గానీ ఆ నిబంధన పోలేదు. మగవారితో సమానమైన జీతం పూర్తిగా చేతికందేసరికి 1961 వచ్చింది.

మన ఆంధ్రప్రదేశ్ సంగతి చూడండి. ప్రభుత్వోద్యోగినులకు ప్రసూతి సెలవు 2010లో 180 రోజులైంది. పిల్లల సంరక్షణ సెలవు 2016లో 60 రోజులిచ్చారు, 2022లో 180 రోజులు చేశారు. ఇవన్నీ ఉద్యోగ, ఉపాధ్యాయ సంఘాలు అడగగా అడగగా వచ్చినవే. చెప్పొచ్చేదేమంటే, సంఘం పని ఇంటికి శత్రువు కాదు. అయితే ఇలాంటి సెలవు అడగాలని ఎవరికి తోస్తుంది? తెల్లారగట్ల లేచి పిల్లాడికి క్యారేజీ కట్టిన మనిషికి! ఆ మనిషి కమిటీలో లేకపోతే ఆ కోరిక జాబితాలో అట్టడుక్కి పోతుంది.

మరి ఆమెను ఉండనిస్తున్నామా? యారాడనే తీసుకోండి. డాల్ఫిన్స్ నోస్ కొండకు అవతల, సముద్రపు ఒడ్డున ఉన్న ఊరు. విశాఖపట్నానికి దగ్గరే అనిపిస్తుంది గానీ, ఇంటికి చేరాలంటే ఘాట్ రోడ్డు ఎక్కి దిగాలి. పట్నంలో సాయంత్రం అయిదింటికి సమావేశం పెడితే, యారాడ వెళ్ళాల్సిన టీచరమ్మ మధ్యలోనే లేవాలి. ముఖ్యమైన తీర్మానాలు, పదవుల ఎంపిక జరిగేది చివర్లో. ఆమె వెళ్ళిపోయాక, "ఆడవాళ్ళు ముందుకు రారండీ" అనేస్తారు!

అందుకని సర్దుకోవలసింది ఇల్లొక్కటే కాదు, సంఘం కూడా. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టి నాలుగింటికి ముగించవచ్చు. తీర్మానాలు ముందు, ఉపన్యాసాలు తరవాత పెట్టవచ్చు. పిల్లాణ్ణి వెంట తెచ్చుకుంటే మొహం చిట్లించకుండా ఉండవచ్చు.

ఇంట్లో పద్ధతి మన చేతుల్లో ఉంది. మీటింగు తేదీ వారం ముందే క్యాలెండరు మీద రాయండి. బదిలీల రోజుల్లో ఫోను మోగుతూనే ఉంటుంది. రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా దాన్ని బీరువా మీద పెట్టండి, ఆ రెండు గంటలూ పిల్లలవి. రెండు పూటలకూ వండిపెట్టి, నేరం చేసినదానిలా బయల్దేరకండి. కుక్కరు పెట్టడం మగవారికీ వస్తుంది. రాకపోతే రెండు ఆదివారాల్లో వస్తుంది!

ఇంటిపట్టున ఉండే అక్కయ్యలకు ఒక మాట. మీ కోడలో, పక్కింటి అమ్మాయో టీచరైతే, ఆ పూట పిల్లల్ని కాస్త చూసిపెట్టండి. తిరిగొచ్చాక "ఇంత ఆలస్యమేం?" అనే ముందు "ఏం తీర్మానించారు?" అని అడగండి. మంచినీళ్ళ గ్లాసుతో పాటు ఆ ప్రశ్న కూడా అందితే, వచ్చే మీటింగుకు ఆమె తల ఎత్తుకుని వెళుతుంది.