పాత కంప్యూటర్లకు పునర్నియోగము



మన గ్రంథాలయపు వెనుకగదిలో ఆఱు పాత కంప్యూటర్లు దుమ్ముపట్టి యున్నవి. వానిని తూకమునకు అమ్మి, రజతోత్సవ నిధితో క్రొత్తవి మూడు కొనవలెనని కొందఱి యభిప్రాయము. లెక్కలు వ్రాయువాడను గనుక ఒక్కమాట మనవి చేసెదను. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు సాధారణ మద్దతు ముగిసినది. దాని తరువాతిదానిని మోయుటకు ఈ యంత్రములు చాలవు. అంతమాత్రమున అవి చచ్చినవి కావు.

1999లో జిమ్ మెక్విలన్ ప్రారంభించిన లినక్స్ టెర్మినల్ సర్వర్ ప్రాజెక్టు ఉచితముగా లభించును. దాని మర్మమిది. బలమైన యంత్రము నొకదానిని సర్వరుగా నిలుపుదుము. పాతయంత్రములో హార్డుడిస్కు లేకున్నను చింతలేదు. మీట నొక్కినంతనే అది తీగవెంట కేకవేసి, తనకొక చిరునామా నడిగి, సర్వరునుండి లినక్స్ మూలభాగమును తెచ్చుకొని మేల్కొనును. అటుపై ఆలోచన యంతయు సర్వరుది. తెరయు, కీబోర్డును మాత్రమే దీనివి. వ్యాసులవారు చెప్పగా వినాయకుడు వ్రాసినట్లన్నమాట. అర్థము గ్రహించిగాని వ్రాయనను నియమము మాత్రము దీనికి లేదు!

ఇది మన సీమకు వింతయు కాదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కాలువమీద పడవ గ్రంథాలయమును నడిపించిరి. పల్లెపల్లెకు భాండాగారము కట్టలేదు. ఒక్కచోటి పుస్తకములే ఒడ్డునున్న వారందఱి చేతికి వచ్చినవి.

దోషములు దాచను. చెఱువుకు గండిపడిన ఆయకట్టంతయు నెండును. మొన్న వేసవిలో రెండు యంత్రములతో నేను పరీక్షించుచుండగా కరెంటు పోయినది. పోటీపరీక్షకు చదువుచున్న పిల్లవాడొకడు గంటసేపు వ్రాసుకొన్నది పోయినది. సర్వరుకు బ్యాటరీ పెట్టకయే వానిని కూర్చుండబెట్టిన తప్పు నాదే. వాడు మరల రాలేదు. ఇంకొకటి: ఒకరు సినిమా చూడ నారంభించినచో, పైమడివాడు నీరంతయు త్రాగి క్రిందిమడి కెండగట్టినట్లగును.

దీనికి మార్గము గలదు. 2019లో ఆ ప్రాజెక్టును తిరిగి వ్రాసిరి. మెమరీ తగినంత యున్న యంత్రము వ్యవస్థను సర్వరునుండి తెచ్చుకొని, పనిని తనలోనే చేసికొనును. మన ఆఱింటిలో నాలుగింటికి ఆ శక్తి గలదు.

కావున నిధినుండి నేను కోరునది ఒక సర్వరు, ఒక స్విచ్చి, తీగలు, బ్యాటరీ. బ్యాటరీకి సొమ్ము చాలనిచో సర్వరునుగూడ కొనవద్దు. మిగిలినది పుస్తకములకు పోనిండు. ఆ పిల్లవానికి కబురంపితిని. ఆదివారమునాడు వెనుకగది ఊడ్చుటకు ఇద్దఱు కావలెను.