ధూళికణములంత రేడియోలు

ప్రసార కేంద్రము పలుకును, లక్షల ఇండ్లు వినును. కేంద్రమునకు కావలసిన విద్యుచ్ఛక్తిని కిలోవాట్లలో లెక్కించుదురు. శ్రోత యొక్క చిన్న రేడియోకు రెండు మూడు బ్యాటరీలు చాలును. అందువలన మాటలాడుట ఖర్చుతో కూడిన పని యనియు, వినుట దాదాపు ఉచితమనియు మనకొక అభిప్రాయము ఏర్పడియున్నది. ఇప్పుడు నేను చెప్పబోవు పరికరముల విషయమున ఈ అభిప్రాయము తలక్రిందులగును.

ఇవి అరచేతిలో ఇమిడిపోవు చిన్న పరికరములు. ఒక్కొక్కదానిలో వేడినో, తేమనో, వెలుతురునో, అదురునో పసికట్టు సెన్సారు ఒకటి, ఆ కొలతను అంకెగా మార్చి జ్ఞాపకముంచుకొను చిన్న గణనయంత్రము ఒకటి, ఆ అంకెను పొరుగు పరికరమునకు చేరవేయు రేడియో ఒకటి, వీటినన్నిటిని పోషించు బ్యాటరీ ఉండును. ఇట్టివి పదులు, నూర్లు చేరి ఒకదానితో నొకటి మాటలాడుకొనుచు పనిచేయుటనే వైర్‌లెస్ సెన్సార్ల జాలము అనుచున్నారు. తీగలు లాగనక్కరలేదు, గోడలు తొలువనక్కరలేదు. ఎక్కడ కొలత కావలెనో అక్కడ పెట్టివచ్చుటయే.

అమెరికాలో బర్క్‌లీయందున్న కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు ఆచార్యుడు క్రిస్ పిస్టర్ 1990 దశకము చివర ఈ ఆలోచనకు ‘స్మార్ట్ డస్ట్’, అనగా తెలివిగల ధూళి, అని పేరు పెట్టెను. ఘన మిల్లీమీటరులో ఒక సంపూర్ణ పరికరమును ఇముడ్చవలెనని ఆయన ఆశయము. అందలి ఒక్కొక్క కణమును ఆంగ్లమున ‘మోట్’ అందురు. మన భాషలో మోటు అనగా వేరే అర్థమున్నది. నిజము చెప్పవలెనన్న తొలినాటి పరికరములకు మన అర్థమే ఎక్కువ నప్పినది! అవి ధూళికణములంత కాదు, తమను పోషించు రెండు పెన్సిల్ బ్యాటరీలంత ఉండెడివి. మిషిగన్ విశ్వవిద్యాలయము వారు 2018లో ప్రక్కకు 0.3 మిల్లీమీటరు మాత్రమే కల గణనయంత్రమును ప్రకటించిరి. కాని కర్మాగారములలోను, పొలములలోను నిజముగా పనిచేయుచున్నవి నేటికిని అగ్గిపెట్టెలంతటివే. గణనయంత్రమును కుదించుట సాధ్యమైనట్లు బ్యాటరీని కుదించుట సాధ్యము కాలేదు.

ఈ బ్యాటరీ లెక్కను కొంచెము విప్పి చెప్పెదను. ఈ విద్యలోని కష్టమంతయు అందే యున్నది. మంచి పెన్సిల్ బ్యాటరీలో సుమారు 2,500 మిల్లీఆంపియర్-గంటల విద్యుత్తు ఉండును. ఈ పరికరములలో ప్రసిద్ధి కెక్కిన ఒక రేడియో చిప్పు మాటలాడునప్పుడు సుమారు 17, వినునప్పుడు సుమారు 19 మిల్లీఆంపియర్లు త్రాగును. మాటకన్న వినికిడికే ఎక్కువ! మాట కొన్ని మీటర్ల దూరము పోయిన చాలును గనుక దానికి పెద్ద బలము అక్కరలేదు. బలహీనమైన ఆ మాటను గోలలోనుండి ఏరి పట్టుకొనుటకు మాత్రము చిప్పులోని భాగములెన్నో మేలుకొని యుండవలెను. ఎవరైన పిలుతురేమో యని నిరంతరము చెవి యొగ్గి కూర్చున్న పరికరము అయిదారు దినములలో ప్రాణము విడుచును. నూరు క్షణములలో ఒక్క క్షణము మాత్రమే మేలుకొని, తక్కిన తొంబది తొమ్మిదింటను నిద్రించిన యెడల అదే బ్యాటరీ సంవత్సరము దాటి వచ్చును.

అయితే అందరును నిద్రించుచుండగా ఒకరి మాట నొకరు వినుట ఎట్లు? అందరును ఒకే వేళకు మేలుకొనవలెను. ఇందులకు గడియారములు కలియవలెను. ఈ పరికరములలోని చవుక స్ఫటిక గడియారము దినమునకు ఒకటి రెండు సెకనులు తప్పుట సామాన్యము. మనకది లెక్కలోనిది కాదు. సెకనులో నూరవ వంతు సేపు మేలుకొనువారికి మాత్రము ఒక సెకను తేడా వచ్చిన రైలు వెళ్ళిపోయినట్లే. రేడియోలో సమయ సూచన వినబడగానే గోడ గడియారమును సరిచేసికొను అలవాటు మన ఇండ్లలో ఉండెడిది. ఈ పరికరములును అదే చేయును. పొరుగువాని సందేశము వచ్చిన ప్రతిపర్యాయము తమ గడియారమును దిద్దుకొనును.

సందేశము దూరము పోవలసి వచ్చినపుడు, ఇల్లు అంటుకొన్నప్పుడు జనము బావినుండి వరుసగా నిలిచి బిందెలు చేతులు మార్చినట్లు, ఒకదాని మాట నొకటి అందుకొని ముందునకు సాగించును. ఒక పరికరము చెడినను వరుస మరొక త్రోవ వెదకుకొనును. కాని బావికి దగ్గరనున్నవారి చేతులే ముందు నొచ్చును. కేంద్రమునకు సమీపమున నున్న పరికరములు అందరి మాటలును మోయవలసినవి గనుక వాటి బ్యాటరీలే మొదట తీరిపోవును.

ఈ జాలములు పేరు తెచ్చుకొన్నది ఒక పక్షి వలన. అమెరికాలోని మెయిన్ రాష్ట్రపు తీరమున గ్రేట్ డక్ ఐలండ్ అను చిన్న ద్వీపమున్నది. లీచ్ స్టార్మ్ పెట్రెల్ అను సముద్రపక్షి అచట నేలలో బొరియలు చేసికొని గ్రుడ్లు పెట్టును. పొదుగుట మొదలైన తొలి రెండు వారములలో ఎవరైన కలత పెట్టినచో అది గూడు విడిచి పోవు ప్రమాదమున్నది. పక్షిని తెలిసికొనుటకు వెళ్ళిన శాస్త్రజ్ఞుడే దాని సంతతికి చేటు తెచ్చును. 2002లో బర్క్‌లీ వారును, ఇంటెల్ సంస్థ పరిశోధకులును, ఆ ప్రాంతపు కాలేజ్ ఆఫ్ ది అట్లాంటిక్ వారును కలిసి ముప్పదికి మించిన పరికరములను అచట అమర్చిరి. బొరియలోని వేడిమిని బట్టి పక్షి లోపల నున్నదో లేదో తెలియును. ఆ అంకెలు ఉపగ్రహము మీదుగా ఖండమునకు ఆవలి యొడ్డుననున్న బర్క్‌లీకి చేరినవి. లోపలికి ఎవ్వరును చేయి పెట్టలేదు. పరికరములలో కొన్ని తేమకు లోబడి చెడిపోయినవి. అయినను తరువాతి సంవత్సరము మరింత పెద్ద జాలము వేసిరి.

సంస్థల కిది యెట్లు ఉపయోగపడును? పెద్ద కర్మాగారములలో పంపులు, మోటార్లు వందలకొలది యుండును. బేరింగు అరిగిన మోటారు ఆగిపోవుటకు చాల ముందుగనే వేరు విధముగా అదురును. అనుభవజ్ఞుడైన మేస్త్రీ దానిపై చేయి ఆనించి చెప్పగలడు. ఆ అదురును కొలుచుటకు మనిషి చేతి పరికరముతో నెలకో, మూడు నెలలకో ఒక్కొక్క యంత్రము చుట్టును తిరుగుట వాడుక. ఇంటెల్ పరిశోధకులు ఒక సెమికండక్టర్ల కర్మాగారమునందును, ఉత్తర సముద్రమున తిరుగు బ్రిటిష్ పెట్రోలియం వారి లాక్ రానక్ అను చమురు ఓడయందును ఈ పనిని జాలముచే చేయించి, ఆ అనుభవమును 2005లో ప్రకటించిరి. ఓడ లోపలి గోడలన్నియు ఉక్కువి. రేడియో తరంగములకు అంతకన్న పగవాడు లేడు. అయినను అక్కడ కొలతలు బయటికి వచ్చినవి. నా దృష్టిలో ఈ పరికరముల అతి సహజమైన కొలువు ఇదే. యంత్రమునకు రహస్యము లేదు, అది చెప్పలేని నొప్పిని చెప్పించుట అందరికిని మేలు.

అన్నిచోట్లను ఇట్లు జరుగలేదు. హాలండు దేశమున 2005 ప్రాంతమున ఒక బంగాళదుంపల చేనిలో నూరింటి దరిదాపు పరికరములు నాటిరి. ఆకు మాడు తెగులు తేమను బట్టి వచ్చును. 1845లో ఐర్లండును కరవున ముంచినది ఆ తెగులే. చేనిలో ఎచట, ఎప్పుడు తేమ నిలిచినదో తెలిసిన మందు చల్లుట తగ్గునని ఆశ. పైరు ఏపుగా ఎదిగినకొలది నీరు నిండిన ఆకులు తరంగములను మ్రింగివేసినవి. కార్యక్రమ లిఖితములలోని లోపములు ఒకటి వెంట నొకటి బయటపడినవి. రావలసిన సమాచారములో అత్యల్ప భాగమే చేరినది. మెచ్చుకొనవలసిన సంగతి ఏమనగా, ఆ పరిశోధకులు దీనిని దాచక, ఎక్కడెక్కడ దెబ్బతిన్నది 2006లో పూసగ్రుచ్చినట్లు ప్రకటించిరి. తరువాత జాలములు వేసినవారికి విజయగాథల కన్న ఆ పత్రమే ఎక్కువ ఉపకరించినదనుకొందును.

మన దేశమున కేరళలోని మున్నారు వద్ద అమృత విశ్వవిద్యాపీఠము వారు కొండచరియలు విరిగిపడు చోట భూమిలోతున సెన్సార్లు దింపిరి. వాననీరు ఇంకి మట్టిరేణువుల నడుమ ఒత్తిడి పెరుగుట ప్రమాద సూచన. 2009 జూలై వానలలో ఆ జాలపు కొలతలను బట్టి అచటివారికి హెచ్చరిక పంపిరి. తెలుగు మాట వినబడు పావగడ తాలూకాలో, వాన మీదనే ఆధారపడిన వేరుసెనగ రైతులకై, ఈ శతాబ్దపు తొలి దశాబ్దమున బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారును స్విట్జర్లండు వారును కలిసి నేల తేమను కొలుచు ప్రయత్నము చేసిరి. అనంతపురము సీమ రైతుకు ఆ తేమ విలువ నేను చెప్పనక్కరలేదు.

ఇక కార్యాలయముల సంగతి. గదిలో మనుష్యులు లేనపుడు దీపములు, చల్లదనపు యంత్రములు ఆపివేయుటకు సెన్సార్లు పెట్టుట నేడు సామాన్యమైనది. ఖర్చు నిజముగనే తగ్గును. 2016 జనవరిలో లండను నగరమున డైలీ టెలిగ్రాఫ్ పత్రికా కార్యాలయమునకు ఒక సోమవారము ఉదయమున వచ్చిన విలేఖరులకు తమ బల్లల క్రింద చిన్న నల్లని పెట్టెలు కనబడినవి. అవి శరీరపు వేడిని, కదలికను బట్టి ఆ బల్లవద్ద మనిషి యున్నాడో లేదో చెప్పునవి. విద్యుత్తు పొదుపునకై పెట్టినామని యాజమాన్యము చెప్పెను. విలేఖరుల సంఘము అభ్యంతరము తెలిపెను. పక్షి బొరియలో పెట్టిన పరికరమునకును దీనికిని యంత్రరీత్యా భేదము చాల తక్కువ. రెండును అడుగునది ఒక్కటే: లోపల ఉన్నారా, లేరా? కాని పక్షికి ఆ అంకె వలన జీతము తగ్గదు, సంజాయిషీ వ్రాయవలసిన పని లేదు. ఒక్క అంకెలో మనిషి పేరు లేకపోవచ్చును గాని, ఆ బల్ల ఎవరిదో తెలిసినపుడు పేరు వేరుగా వ్రాయనక్కరలేదు. గదికి ఒక పరికరము చాలునన్నచోట కుర్చీకి ఒకటి వంతున, ముందుగా చెప్పక పెట్టించినపుడు, కొలువదలచినది విద్యుత్తునేనా యని ఉద్యోగులు శంకించుట సహజము. టెలిగ్రాఫ్ వారు ఆ పెట్టెలను ఆ దినముననే తీసివేయించిరి.