ఆట కూడా పనే

(వనపర్తిలో జరిగిన విద్యార్థినులు, ఉపాధ్యాయినుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆటల గురించి మాట్లాడమని మీరు పిలిచినప్పుడు నాకు కొంచెం ఆశ్చర్యం వేసింది. నేను క్రీడాకారిణిని కాను, స్త్రీల శ్రమ మీద పరిశోధన చేసే మనిషిని. ఈ రెంటికీ సంబంధం ఏమిటా అని ఆలోచిస్తే గద్వాల దగ్గర విన్న ఒక మాట గుర్తుకొచ్చింది. సీడ్ పత్తి చేలల్లో పనిచేసే ఆడపిల్లలతో మాట్లాడుతూ, బడిలో ఖోఖో బాగా ఆడుతుందని పేరున్న ఒక అమ్మాయిని పోటీలకు ఎందుకు పోలేదని అడిగాను. "సీజన్ గదా మేడం" అంది.

సీజన్ అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కరలేదు. సాయంత్రం మొగ్గల్లోంచి మగ భాగం గిల్లెయ్యాలి. మర్నాడు పొద్దున్నే పుప్పొడి అద్దాలి. చిన్న వేళ్లయితే పువ్వు నలగదంటారు, కూలీ తక్కువే కాబట్టి ఆడపిల్లల్నే పిలుస్తారు. బడుల్లో ఆటల పోటీలు జరిగేదీ దాదాపు ఆ నెలల్లోనే. ఉన్నది ఒకే పిల్ల, సీజన్లు రెండు. ఒకదానికి కూలి ఉంది, రెండోదానికి లేదు. ఇక ఇంట్లో నిర్ణయం ఎటు జరుగుతుందో మనకు తెలుసు.

2025 నవంబర్ 2న నవీ ముంబయిలో మన స్త్రీల క్రికెట్ జట్టు ప్రపంచకప్ గెలిచింది. ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది. అందరం సంతోషించాం. కానీ ఇవాళ నేను ఆ గెలుపు గురించి కాదు, అంతకు ఇరవయ్యేళ్ల ముందరి ఒక ఓటమి గురించి చెప్పదలచుకున్నాను.

2005 మార్చి, ఏప్రిల్ నెలల్లో దక్షిణాఫ్రికాలో ప్రపంచకప్ జరిగింది. మన జట్టు నాయకురాలు సికింద్రాబాదులో పెరిగిన మిథాలీ రాజ్. అప్పటికి ఆమెకు 22 ఏళ్లు. సెమీఫైనల్లో న్యూజిలాండ్ మీద 91 పరుగులు చేసి అవుట్ కాకుండా నిలిచింది. జట్టు 40 పరుగులతో గెలిచి మొదటిసారి ఫైనల్ చేరింది. ఎడమచేతి స్పిన్నర్ నీతూ డేవిడ్ ఆ పోటీలన్నిటిలోకీ ఎక్కువగా 20 వికెట్లు తీసింది. ఏప్రిల్ 10న సెంచూరియన్‌లో ఆస్ట్రేలియా 215 పరుగులు చేస్తే మనవాళ్లు 117కే ఆలౌటయ్యారు.

ప్రపంచంలో రెండో స్థానం తెచ్చిన ఆ జట్టుకు ఎంత ముట్టింది? మ్యాచ్‌కు వెయ్యి రూపాయలని మిథాలీ తర్వాత ఒక ఇంటర్వ్యూలో చెప్పింది. ఎనిమిది మ్యాచ్‌లకు ఎనిమిది వేలు. వార్షిక కాంట్రాక్టు అన్న మాటే లేదు. స్త్రీల క్రికెట్‌ను అప్పుడు నడిపింది 1973లో ఏర్పడిన వేరే సంఘం. దాని దగ్గర డబ్బు లేదు. జనరల్ బోగీల్లో కిట్ల మీద కూర్చుని పోటీలకు వెళ్లిన సంగతి ఆ తరం క్రీడాకారిణులు ఎందరో చెప్పారు.

మరి వాళ్లు ఎట్లా ఆడగలిగారు? ఇక్కడే మనం ఆగి చూడాలి. ఆ జట్టులో చాలామంది రైల్వే ఉద్యోగులు, మిథాలీ కూడా. నెల జీతం ఉంది కాబట్టి సాధనకు రోజులో కొంత సమయం దొరికింది. ప్రతిభ, పట్టుదల అని మనం పొగుడుతాం. అవి ఉన్నాయి. కానీ వాటి కింద ఒక ఉద్యోగం ఉంది. గద్వాల చేలో నాకు కనిపించిన అమ్మాయికి లేనిది ప్రతిభ కాదు.

డబ్బు ఇస్తే సరిపోతుందా అంటే అదీ కాదు. 1943లో, యుద్ధకాలంలో, అమెరికాలో స్త్రీలకు వృత్తి బేస్‌బాల్ లీగ్ పెట్టారు. రాక్‌ఫర్డ్ పీచెస్ వంటి నాలుగు జట్లు, వారానికి 45 నుంచి 85 డాలర్ల జీతం. అయితే పొట్టి గౌన్లు వేసుకునే ఆడాలి. నేల మీద జారితే తొడలు గీరుకుపోయేవి. పెదవులకు రంగు ఉండాలి, నడక, కూర్చోవడం నేర్పే తరగతులకు పోవాలి. నల్లజాతి స్త్రీలకు ఆ లీగులో చోటే లేదు. 1954తో అది మూతపడింది. జీతం ఇచ్చినవాళ్లు వాళ్ల శ్రమతో పాటు శరీరం మీద కూడా హక్కు కోరారన్నమాట.

మన దగ్గర మార్పు నెమ్మదిగా వచ్చింది. 2006లో స్త్రీల క్రికెట్ బి.సి.సి.ఐ. కిందికి వెళ్లింది. 2015లో వార్షిక కాంట్రాక్టులు వచ్చాయి. 2022 అక్టోబర్‌లో మ్యాచ్ ఫీజు స్త్రీ పురుషులకు సమానమని ప్రకటించారు. అయినా 2024-25 కాంట్రాక్టుల్లో పురుషుల పై శ్రేణికి 7 కోట్లు, స్త్రీల పై శ్రేణికి 50 లక్షలు. సమానత్వం మైదానంలోకి దిగిన రోజుకే గాని, మిగతా ఏడాదికి కాదు.

పైన జరిగే ఈ పోరాటం అవసరమే. కానీ గద్వాల, నాగర్‌కర్నూల్ అమ్మాయి అక్కడిదాకా పోవాలంటే ముందు చేను దాటాలి, ఇంటి చాకిరీ దాటాలి, చీకటి పడ్డాక బస్సు లేని దారి దాటాలి. కాబట్టి మన కోరికలు చిన్నవిగా కనిపించినా గట్టిగా అడగవలసినవి. బడిలో ఆటల పీరియడ్‌ను లెక్కల పీరియడ్‌గా మార్చకూడదు. బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి, వ్యాయామ ఉపాధ్యాయిని ఉండాలి. పోటీలకు పోయే పిల్లకు బస్సు చార్జీ, తిండి, ఆ రోజులకు భత్యం ఇవ్వాలి. పద్నాలుగేళ్ల లోపు పిల్లల్ని పనిలో పెట్టుకోకూడదన్న చట్టం చేలల్లోనూ అమలు కావాలి.

ఉపాధ్యాయినులకు ఒక్క విన్నపం. ఈసారి సీజన్‌లో ఆట మానేసిన అమ్మాయిల పేర్లు రాసి పెట్టండి. ఎవరు ఎందుకు మానేశారో పక్కనే రాయండి. గెలిచినవాళ్ల జాబితా ఎట్లాగూ ఎవరో రాస్తారు. రాని వాళ్ల జాబితా మనం రాయకపోతే ఇంకెవరూ రాయరు.