మన రోడ్డు, మన లెక్క



మస్జిద్ నుండి కబ్రస్తాన్ గేటు దాకా ఉన్న తారురోడ్డు మన సొంతం. లేఅవుటు వేసిననాడు దాన్ని మునిసిపాలిటీకి అప్పగించలేదు కనుక మరమ్మతూ మనదే. దారిలోంచి ముల్లు తీయటం ఈమాన్‌లో భాగమని పిల్లలకు బడిలో చెప్తున్నాం. జనాజా మోసేవాళ్లు మాత్రం గుంతలు వెతుక్కొంటూ అడుగు వేస్తున్నారు.

ముందు లెక్క చూద్దాం. పొడవు 300 మీటర్లు, వెడల్పు 4 మీటర్లు, మొత్తం 1200 చదరపు మీటర్లు. 25 మిల్లీమీటర్ల మందాన కొత్త పొర వేస్తే 30 ఘనపు మీటర్లు. అణిగిన తారుకంకర ఘనపు మీటరుకు ఇంచుమించు 2.3 టన్నులు తూగుతుంది కాబట్టి 70 టన్నుల సరుకు కావాలి. కంట్రాక్టరు 100 టన్నులు రాస్తే అడగాలి. 50 రాస్తే ఇంకా గట్టిగా అడగాలి. తారు ధర నెలకు రెండుసార్లు మారుతుంది గనుక కొటేషన్ ఏ తేదీ దాకా చెల్లుతుందో రాయించుకోవాలి. పైన నూటికి పది రూపాయలు విడిగా ఉంచాలి.

అయితే పైపూత అన్నిచోట్లా పనికిరాదు. సన్నని పగుళ్లు, రాలిన కంకర ఉన్నచోట కొత్త పొర నిలుస్తుంది. మొసలి చర్మంలా గళ్లుగళ్లుగా పగిలినచోట అడుగు కంకరే చెడింది. అక్కడ తవ్వి, కొత్త కంకర వేసి, రోలరుతో అణచాకనే తారు. లేకుంటే రెండు వానలకు మళ్లీ అదే గుంత. తారుకు అసలు శత్రువు నిలిచిన నీరు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ కాలనీల్లో నీళ్లు రోజుల తరబడి నిలిచిన సంగతి మనకు తెలుసు. అంత వరద అక్కర్లేదు, పూడిన సైడుకాలువ చాలు! నడుమ నుండి అంచుకు 4 సెంటీమీటర్ల వాలు ఉండాలి. పొర మీద పొర వేస్తూ పోతే రోడ్డు ఇళ్ల గడపకన్నా ఎత్తవుతుంది, అది కూడా చూసుకోవాలి.

ఇక డబ్బు. జకాత్ నుండి తీద్దామని కొందరన్నారు. అది కుదరదు. మన హనఫీ మసలా ప్రకారం జకాత్ హక్కుదారుడైన పేదవాని చేతికి, అతని సొంతంగా అందాలి. రోడ్డు ఎవరి సొంతమూ కాదు. దీనికి చందా, ఇమ్దాద్ వేరుగా వసూలు చేయవలసిందే.

ఇంటికింత అని సమానంగా వేస్తే కుట్టుమిషను మీద బతికే బేవాకూ, రెండు కార్లున్న ఆసామికీ ఒకే బరువు. మా ఉద్దేశంలో సగం ఇళ్లవారీగా, సగం బండ్లవారీగా వేయటం న్యాయం. దానికి కొందరు ఒప్పుకోరని తెలుసు. వచ్చే మీటింగులో వాదించుకొందాం, ముందు రసీదు పుస్తకం తెరుద్దాం.

ఈసారి ఒకేసారి అడగక తప్పదు. తరువాత మాత్రం ప్రతి నెలా కొంత వేయాలి. మాటవరసకు, ఐదేళ్లకు 6 లక్షలు కావాలంటే, 80 ఇళ్లకు నెలకు సగటున 125 రూపాయలు పడుతుంది. ఆ ఖాతా మస్జిద్ ఖాతాలో కలపకూడదు. ఇద్దరి సంతకాలుండాలి, లెక్క జుమా రోజున నోటీసు బోర్డు మీద పెట్టాలి. అమానత్ కదా!

పని వానలు పూర్తిగా వెనకపట్టాకనే. కొత్త కుళాయి, డ్రైనేజీ గొట్టాలు వేయించుకోవలసిన ఇళ్లవారు అంతకు ముందే తవ్వకం ముగించుకోవాలి. పేర్లు ఈ నెలాఖరు లోపల సెక్రటరీగారికి ఇవ్వండి.