పిల్లులు పెట్టుకున్న పేర్లు



ఏటా మాస్టారి పేర జరిగే ఈ ఉపన్యాసానికి నన్ను పిలిచినప్పుడు, పిల్లలు చదువుకునే పిల్లుల కథల గురించి మాట్లాడతానన్నాను. నిర్వాహకులు కాస్త తటపటాయించి ఒప్పుకున్నారు. వారికి నా కృతజ్ఞతలు. మాస్టారైతే తటపటాయించేవారు కాదు. పిల్లల పుస్తకాన్ని ఆయన పెద్దల పుస్తకమంత శ్రద్ధగానూ చదివేవారు, నచ్చకపోతే అంత గట్టిగానూ తిట్టేవారు.

ఆయన దగ్గర చదువుకున్నవాళ్లకు ఒక సంగతి గుర్తుండే ఉంటుంది. బడి తెరిచిన మొదటి వారంలో హాజరు పిలుస్తూ ఒక్కో పేరు దగ్గర ఆగి, "ఈ పేరు నీకెవరు పెట్టార్రా? ఎందుకు పెట్టారు?" అని అడిగేవారు. తెలియనివాళ్లు ఇంటికెళ్లి కనుక్కుని రావాలి. పెంటయ్య, పుల్లయ్య లాంటి పేర్లు వచ్చినప్పుడు తరగతి గొల్లుమనేది. ఆయన సుద్దముక్క బల్లమీద పెట్టి నెమ్మదిగా చెప్పేవారు. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, ఒక తల్లి ఈసారి పుట్టినవాణ్ణి పెంటకుప్ప మీద పడుకోబెట్టి మళ్లీ ఎత్తుకుంది. చావుకు కూడా అక్కర్లేని పేరు ఏరి పెట్టుకుంది. వీడు దక్కాడు. ఇందులో నవ్వడానికేముంది? ఆ తర్వాత ఎవరూ నవ్వేవాళ్లు కాదు.

ఇవాళ నేను మాట్లాడబోయే పుస్తకాలు నాకు పట్టుబడింది ఆ హాజరుపట్టీ వల్లనే.

మా మనవరాలు టెక్సస్‌లో పెరుగుతోంది. ఒక వేసవిలో ఇక్కడికి వచ్చినప్పుడు దాని పెట్టెలో బట్టలకన్నా "వారియర్స్" పుస్తకాలే ఎక్కువున్నాయి. అట్టల మీద పిల్లుల ముఖాలు. కాలక్షేపం పుస్తకాలనుకుని వాటి జోలికి పోలేదు. ఒక రాత్రి భోజనానికి పిలిస్తే రాలేదు. వెళ్లి చూద్దును కదా, పుస్తకం ఒళ్లో పెట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తోంది. ఏమయిందమ్మా అంటే, "వాళ్లు దానికి చెడ్డ పేరు పెట్టారు తాతా" అంది. దెబ్బ తగిలిందనో చనిపోయిందనో అనలేదు. పేరు గురించి ఏడ్చింది. మర్నాడు మొదటి పుస్తకం అడిగి తీసుకున్నాను.

ఆ మొదటి పుస్తకం "ఇన్‌టు ద వైల్డ్" 2003 జనవరిలో వచ్చింది. అట్ట మీద రచయిత్రి పేరు ఎరిన్ హంటర్. అలాంటి మనిషి ఎవరూ లేరు. హార్పర్‌కాలిన్స్ సంస్థకు అడవి పట్టిన పిల్లుల మీద ఒక కాల్పనిక కథ కావలసి వచ్చింది. లండన్‌లోని వర్కింగ్ పార్ట్‌నర్స్ అనే సంస్థ ఆ పని విక్టోరియా హోమ్స్ అనే సంపాదకురాలికి అప్పగించింది. ఆమెకు మొదట్లో ఈ విషయం మీద పెద్ద ఆసక్తి లేదు. యుద్ధం, రాజకీయం, పగ, కలవకూడనివాళ్ల ప్రేమ, దైవం మీద సందేహం, ఇవన్నీ అందులో పట్టించవచ్చునని తోచాక కథ ఒక పుస్తకంలో ఇమడక ఆరు పుస్తకాలయింది. ఆమె కథను అల్లి ఇస్తే, తొలి రెండు పుస్తకాలు కేట్ కేరీ రాశారు, మూడో పుస్తకం నుంచి చెరిత్ బాల్డ్రీ చేరారు. తర్వాత ఇంకొందరు వచ్చారు. అందరూ ఒకే పేరు కింద ఒదిగారు. ఇలా కూడి రాసిన పుస్తకాలను చిన్నచూపు చూడటం మనకు అలవాటు. వీటిని చదివాక ఆ అలవాటు నేను మానుకున్నాను.

కథ జరిగే అడవికి ఇంగ్లండు దక్షిణాన ఉన్న న్యూ ఫారెస్ట్ ఊపిరి పోసింది. విలియం ది కాంకరర్ 1079లో తన వేటకోసం ఏర్పరచుకున్న అడవి అది. తొమ్మిది వందల ఏళ్లు దాటినా దాని పేరు కొత్త అడవే. పెట్టిన పేరు ఎంతకాలం నిలుస్తుందో చూడండి.

ఆ అడవిలో నాలుగు తెగల పిల్లులుంటాయి. ఉరుము, ఏరు, గాలి, నీడ అన్నవి ఆ తెగల పేర్లు. చచ్చిపోయిన పిల్లులు ఆకాశంలో చుక్కల తెగలో కలుస్తాయి. మనం పాలపుంత అనేదాన్ని అవి వెండిబొచ్చు అంటాయి. నిండు పున్నమినాడు నాలుగు పెద్ద సింధూర వృక్షాల కింద అన్ని తెగలూ పోరు మాని కలుసుకుంటాయి. చంద్రుణ్ణి మబ్బు కప్పితే పైవాళ్లకు కోపం వచ్చిందని లెక్క.

మనిషికి అక్కడ పేరు రెండుకాళ్లవాడు. తారురోడ్డు ఉరుముల బాట. దానిమీద తిరిగే కారు భూతం. శీతాకాలం అన్న మాట లేదు. ఆకుల్లేని కాలం, చిగురు కాలం, పచ్చని కాలం, ఆకురాలు కాలం, అంతే. ఇందులో ఏ మాటా అలంకారం కోసం పుట్టలేదు. జానెడు ఎత్తున నిలబడి చూసేవాడికి లోకం ఎలా కనబడుతుందో అలా పుట్టాయి. రోడ్డు దాటబోతున్న చిన్న ప్రాణికి టైర్ల కంపు ముందు తగులుతుంది, ఆ వెనక ఉరుము వినిపిస్తుంది, దాని వెనక చావు వస్తుంది. ఆ వరుస తెలిసినవాళ్లు పెట్టిన పేరది. ఆ బాట మీదే సిండర్‌పా అనే చురుకైన కూన కాలు చితుకుతుంది. ఇక వేటకు పనికిరాని ఆ పిల్లి మూలికల పేర్లు ఒక్కొక్కటే నేర్చుకుని తెగకు వైద్యురాలవుతుంది. నెత్తురు ఆగడానికి సాలెగూడు, నొప్పికి గసగసాలు. యూ చెట్టు పండుకు మాత్రం ఒకటే పేరు, చావుపండు. పసికూనలకు పాఠం చెప్పక్కర్లేకుండా ఆ పేరే కాపలా కాస్తుంది.

ఇవి తెలుగులో ఎలా పలుకుతాయని నాలో నేనే ఆడుకునేవాణ్ణి. ఒకచోట మాత్రం మన భాష ముందే సిద్ధంగా ఉంది. ఈ పిల్లులు వయసును చందమామలతో లెక్కపెడతాయి. ఆరు చందమామల వయసంటే ఆరు నెలలు. ఇంగ్లీషు పిల్లలకు అది కొత్త మాట, నేర్చుకోవాలి. మనకు నెల అంటే చంద్రుడే, మాసమూ నెలే. నెలవంక అనీ నెలరాజు అనీ అంటూనే నెల జీతం కూడా అంటాం. ఆ పిల్లుల లెక్క మన నోట్లో వెయ్యేళ్లుగా ఉంది. ఈ సంగతి చెబితే మా మనవరాలు తన తల్లిభాషను మొదటిసారి అసూయగా చూసింది.

ఇక పిల్లుల పేర్లు. పుట్టినప్పుడు పేరు చివర 'కూన' అని అర్థమొచ్చే మాట ఉంటుంది. ఆరు నెలలు నిండి గురువు దగ్గర చేరాక అది పోయి 'పా', అంటే పంజా, వస్తుంది. యుద్ధవిద్య ముగిశాక నాయకురాలు తెగ అందరి ముందూ పూర్తి పేరు పెడుతుంది. నాయకత్వం వస్తే చివర చుక్క చేరుతుంది. కథానాయకుడు రస్టీ మనుషుల ఇంట్లో పెరిగిన నారింజరంగు పిల్లి. ఇంటిపిల్లి అన్న మాట అడవిలో పెద్ద తిట్టు. రస్టీ తెగలో చేరడానికి వచ్చిన రోజు ఒక యోధుడు అదే తిట్టు తిట్టడంతో ఇద్దరూ కలియబడతారు. ఆ పెనుగులాటలో మెడపట్టీ తెగిపోతుంది. ఎండలో మంటలా మెరిసే ఆ బొచ్చు చూసి నాయకురాలు బ్లూస్టార్ ఫైర్‌పా అని పిలుస్తుంది. తర్వాత ఫైర్‌హార్ట్, చివరికి ఫైర్‌స్టార్. నిప్పుపంజా, నిప్పుగుండె, నిప్పుచుక్క అని మన మాటల్లో అనుకోండి. మొదటి సగం మారదు, అది పుట్టుక. రెండో సగం సంపాదించుకోవలసింది. ఇంటిపిల్లి అన్న తిట్టు మాత్రం నాయకుడయ్యాక కూడా వెంటబడుతుంది. రచయిత్రులు అది మాయం చేయలేదు. పరాయి ఊళ్లో, పరాయి దేశంలో బతికే పిల్లలకు ఆ నిజం బాగా తెలుసు.

నా మనవరాలిని ఏడిపించిన ఘట్టం 2004లో వచ్చిన ఐదో పుస్తకం "ఎ డేంజరస్ పాత్"లో ఉంది. బ్లూస్టార్ అప్పటికి నమ్మినవాడి ద్రోహంతో లోపల విరిగిపోయింది. పూర్వీకుల మీద కోపంతో, వాళ్లను నమ్మని ఒక్క శిష్యుడికి మాత్రం యోధనామం ఇచ్చి, అర్హత ఉన్న మిగతా శిష్యులను పక్కనపెట్టింది. ఆ అవమానం తట్టుకోలేక స్విఫ్ట్‌పా అనే కుర్రపిల్లి, తామేమిటో చూపించాలని బ్రైట్‌పాను తోడు తీసుకుని కుక్కల గుంపు మీదికి వెళుతుంది. స్విఫ్ట్‌పా చనిపోతుంది. బ్రైట్‌పాకు ఒక కన్ను, ఒక చెవి పోతాయి. బతకదనుకున్న ఆ పిల్లకు నాయకురాలు యోధనామం ప్రసాదిస్తుంది, లాస్ట్‌ఫేస్ అని. ముఖం పోయినది అని అర్థం. పైనున్న పూర్వీకులు తాము చేసిందేమిటో చూసుకోవాలని ఆ పేరు.

అక్కడ నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. మాస్టారు చెప్పిన తల్లి గుర్తొచ్చింది. ఆమె కూడా బిడ్డకు అందవిహీనమైన పేరే పెట్టింది. ఆ పేరు చావు కళ్లుగప్పడానికి. ఈ నాయకురాలు పెట్టిన పేరు దేవుళ్లను నిందించడానికి. రెండు పేర్లూ వికారంగానే ఉన్నా, ఒకదాంట్లో బిడ్డ ఉంది, రెండోదాంట్లో పెట్టినవాళ్ల బాధ మాత్రమే ఉంది. పసిదాని ఒంటి మీద పెద్దవాళ్లు తమ పగను రాసుకున్నారు. పదేళ్ల పిల్ల ఇది విడమరచి చెప్పలేదు. ఏడ్చింది, అంతే. ఆ ఏడుపు సరైన చోట వచ్చిందని నేను నమ్ముతున్నాను.

ఆ పిల్లి బతుకుతుంది. ఇది నాకు ఈ పుస్తకాల్లో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. క్లౌడ్‌టెయిల్ అనే తెల్లపిల్లి, పూర్వీకులను నమ్మనివాడే, ఆమెను విడిచిపెట్టడు. కన్ను లేని పక్కనుంచి శత్రువు వస్తే ఎలా ఎదుర్కోవాలో ఇద్దరూ కలిసి కొత్త పట్లు కనిపెడతారు. ఆరో పుస్తకం "ద డార్కెస్ట్ అవర్"లో ఫైర్‌స్టార్ నాయకుడయ్యాక పేరు మారుస్తాడు. బ్రైట్‌హార్ట్. వెలుగుగుండె. ముఖం బాగుపడలేదు, పడదు కూడా. పెట్టిన పేరును వెనక్కి తీసుకోవచ్చునని, తప్పు పేరు పెట్టిన పెద్దల తర్వాత వచ్చినవాళ్లు దాన్ని దిద్దవచ్చునని పిల్లలకు ఇంత సూటిగా చెప్పిన కథ నేను మరొకటి చదవలేదు.

అసలు పేరునే దాచేసిన నేరం ఇంకొకటుంది. ఒకప్పుడు అడవిలో ఐదో తెగ ఉండేది, ఆకాశ తెగ. మనుషులు దాని నేల మీద ఇళ్లు కట్టుకున్నారు. మిగతా నాలుగు తెగలూ తమ నేలలో చోటివ్వకుండా దాన్ని వెళ్లగొట్టి, తర్వాత ఆ పేరే ఎత్తడం మానేశాయి. 2007లో వచ్చిన "ఫైర్‌స్టార్స్ క్వెస్ట్"లో ఆ సంగతి బయటపడుతుంది. ఫైర్‌స్టార్ ఇంటిపిల్లిగా పెరిగిన పెరళ్లు ఆ తెగ పోగొట్టుకున్న నేలలోవే. ఆ తెగ వారసులను వెతుక్కుంటూ అతను వెళతాడు. జలాశయం కిందా గని కిందా పోయిన ఊళ్ల పేర్లు తెలిసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. నేను వివరించనక్కర్లేదు.

ఈ పుస్తకాలన్నీ ఒకే ఎత్తున లేవు. మొదటి ఆరింటి బిగువు తర్వాతివాటిలో చాలాచోట్ల సడలింది. భవిష్యవాణి మీద భవిష్యవాణి పేర్చారు. నెత్తురు కూడా కొన్నిచోట్ల అవసరాన్ని మించి పారుతుంది. వీధుల్లోనూ పొలాల్లోనూ బతికే నిజమైన పిల్లులు ఇలా సైన్యాలు కట్టవు. తల్లులు, అక్కచెల్లెళ్లు, కూతుళ్లు తిండి దొరికే చోట గుంపుగా ఉంటాయి, ఒకదాని కూనలకు ఇంకొకటి పాలిస్తుంది. ఆ పాలివ్వడం మాత్రం పుస్తకంలో యథాతథంగా ఉంది. ముసలివాటికీ కూనలకూ ముందు తిండి పెట్టాకే వేటాడినవాళ్లు తినాలన్న నియమమూ ఉంది. అది రచయిత్రులు కల్పించిందే అయినా, నేను చూసిన చాలా పెళ్లిపందిళ్లకన్నా మర్యాదగా ఉంది.

ఫైర్‌స్టార్ నాయకుడయ్యే రాత్రి తొమ్మిదిమంది గతించిన పిల్లులు ఒక్కొక్కరూ ఒక్కో ప్రాణం, దాంతో ఒక్కో గుణం ఇస్తారు. ఒకరు ధైర్యం, ఒకరు న్యాయం, ఒకరు కరుణ. శిష్యులకు నేర్పే గుణాన్ని ఇచ్చేది ఎవరో తెలుసా? స్విఫ్ట్‌పా. గుర్తింపు లేక చనిపోయిన ఆ కుర్రాడే. చుక్కల్లో కూడా అతని పేరు స్విఫ్ట్‌పానే. బ్రైట్‌హార్ట్ పేరు మార్చినవాళ్లు ఉన్నారు గానీ, అతనికి పూర్తి పేరు పెట్టినవాళ్లు లేరు.

ఆ వేసవి చివర మా మనవరాలు ఆ ఆరో పుస్తకం నాకు వదిలి వెళ్లింది. వెళ్లేముందు స్విఫ్ట్‌ను తెలుగులో ఏమంటారని అడిగింది. వేగం అన్నాను. అది సంస్కృతం కదా, ఇంకోటి చెప్పు అంది. వడి అన్నాను. వాళ్లు విమానమెక్కాక పుస్తకం తీసి చూశాను. ప్రాణాలిచ్చే రాత్రి ఘట్టం ఉన్న పుటలో, అంచున, పెన్సిలుతో, కొమ్ము ఒకటి పక్కకు జారిన వంకర తెలుగు అక్షరాల్లో ఉంది: వడిగుండె.