వృత్తి విద్య – ఆడపిల్లల హక్కు
(సంగారెడ్డి సభలో చేసిన ప్రసంగ పాఠం)



1986 జాతీయ విద్యా విధానం, 1995 నాటికి ప్లస్ టూ విద్యార్థుల్లో 25 శాతం మందిని వృత్తి విద్యలో చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. అది నెరవేరలేదు. ఆ ఏడాదే అప్రెంటిస్‌షిప్ చట్టాన్ని సవరించి, ఒకేషనల్ ఇంటర్ చదివినవాళ్లనూ స్టైపెండుతో కూడిన శిక్షణ కిందికి తెచ్చారు.

మరి పటాన్‌చెరు, పాశమైలారంలలో నేను కలిసిన అమ్మాయిలు? కోర్సు పూర్తిచేసి కూడా కాంట్రాక్టరు కింద ప్యాకింగ్ పనిలో ఉన్నారు. ఎలక్ట్రికల్ అబ్బాయిలకు, కుట్టుపని అమ్మాయిలకు అనే పంపకం మన ఇళ్లలోనే మొదలవుతోంది.

ఈ పిల్లలు సైన్సు డిగ్రీలో చేరాలంటే బ్రిడ్జి కోర్సు పాసవ్వాలి. ఆ సంగతి ఇంటర్ అయిపోయాక తెలిస్తే ఏం లాభం? అడ్మిషన్ రోజునే చెప్పాలి. ఫ్యాక్టరీల అప్రెంటిస్ సీట్లలో అమ్మాయిలెందరో లెక్క అడగాలి. పని నేర్పే చదువు పై చదువుకు తలుపు మూయకూడదు. ఈ రెండు ప్రశ్నలతో ప్రతి జూనియర్ కాలేజీకీ వెళదాం.